గుర్రపుసాలలో ఇత్తడి బిళ్ళలు

బెరిల్ హాకెట్ మా స్టోర్‌లీ ఊళ్ళో పెద్ద బట్టల దుకాణంలో దొంగల్ని పట్టే ఉద్యోగం చేసి రిటైరైంది. అందరిలాగే సంచీ తగిలించుకుని, చలికోట్లు తిరగేసి చూస్తున్నట్టు నటిస్తూ, ఎవరి చెయ్యి ఏ అరలోంచి ఏ జేబులోకి పోతోందో కనిపెట్టడం ఆమె పని. ఉద్యోగం వదిలినా ఆ చూపు ఆమెను వదల్లేదు. చర్చిలో చందా పళ్ళెం తిరిగేటప్పుడు అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఈవిడ ఒక కన్ను తెరిచే ఉంచేది.

అలాంటి మనిషి కాలువ గట్టు మీది పాత గుర్రపుసాల తవ్వకానికి వచ్చిందంటే దానికి కారణం పక్కింటి ఏవిస్ రౌండ్. ఏవిస్ భర్త సిరిల్ బ్యాంకులో చేసి పోయాడు. ఒంటి మనిషి. ఆమె మాటకి గాని నడకకి గాని చప్పుడుండదు. "ఇంట్లో కూచుని గోడలు చూసే బదులు ఇద్దరం వెళ్దాం రావే. పెంకుముక్కలు కడగడమే కదా, మనకి చేతకాని పనా?" అని వెంటబెట్టుకొచ్చింది.

లాకుల పక్కన నీలి ఇటుకలతో కట్టిన పొడవాటి సాల అది. బొగ్గు పడవల్ని మోకు కట్టి లాగే గుర్రాలు రాత్రికి అక్కడ నిలబడేవి. పడవలకి ఇంజన్లొచ్చాక అది బొగ్గు కొట్టయింది, తరవాత టైర్ల షెడ్డయింది, ఆఖరికి పావురాల పాలైంది. కౌన్సిల్ దాన్ని పడగొట్టి ఫ్లాట్లు కట్టేవాళ్ళకి ఇచ్చేస్తుందని వదంతి పుట్టాక ఊళ్ళో కొందరు కలిసి సంఘం పెట్టారు. లోపల నేల తవ్వి చరిత్ర వెతకడం ఒక పని. పనుల్లేని వాళ్ళకి పాతకాలపు సున్నం పని నేర్పి, వాళ్ళ చేతే ఆ గోడలు నిలబెట్టించడం రెండో పని. తవ్వకానికి గ్యారెత్ ప్రోసర్ అనే వేల్స్ మనిషి పెద్ద. తాపీ పనికి లొరైన్ బేట్. ఆవిడ గొంతు విప్పిందంటే అవతలి గట్టు మీద బాతులు లేచిపోయేవి.

కౌన్సిల్ వాళ్ళు ఆకులు రాలే రోజుల్లో వచ్చి చూసి తేలుస్తామన్నారు. అప్పటికి ఏదో ఒకటి దొరకాలి. కానీ వేసవి సగం గడిచినా దొరికినవి తుప్పు మేకులు, బొగ్గు చిట్టెం, పొగాకు తాగే విరిగిన మట్టిగొట్టాలు. గ్యారెత్ రోజురోజుకీ డీలా పడిపోతున్నాడు.

అప్పుడు ఒక పొద్దున సాల మూలగా తవ్వుతున్నవాళ్ళు కేక పెట్టారు. మట్టిలోంచి గుర్రం జీనుకి కట్టే ఇత్తడి బిళ్ళ బయటపడింది. అరచేతిలో పట్టేంత, మధ్యలో సూర్యుడి బొమ్మ. గ్యారెత్ దాన్ని రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు.

"చూశారా! ఇది పడవవాళ్ళ సొంత అలంకారం. తిండికి లేకపోయినా గుర్రానికి ఇలాంటివి కట్టేవాళ్ళు. ఎంత ఆత్మగౌరవం ఉన్న మనుషులో చూడండి!"

అందరూ చప్పట్లు కొట్టారు. లొరైన్ ఈల వేసింది. టీ గిన్నె దగ్గరున్న ఏవిస్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఎంత బావుందో" అని మాత్రం అంది.

బిళ్ళని కడిగే పని బెరిల్‌కి పడింది. పళ్ళు తోముకునే బ్రష్షుతో మెల్లగా మట్టి వదిలిస్తుంటే సూర్యకిరణాల సందుల్లో తెల్లటి పొడి కనిపించింది. గోటితో గీకింది. వాసన చూసింది. వాళ్ళమ్మ ప్రతి శనివారం వీధి తలుపు ఇత్తడి గడియ తోమేది. తుడవగా మిగిలిన పాలిష్ ఇలాగే సందుల్లో తెల్లగా గడ్డ కట్టేది. బెరిల్ నోరెత్తకుండా బిళ్ళని పళ్ళెంలో పెట్టి, అక్కడున్నవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసింది.

ఇంటికి వెళ్ళే దారిలో ఏవిస్‌కి మాత్రం చెప్పింది.

"ఎవరో కావాలని పాతిపెట్టారే దాన్ని. సందుల్లో పాలిషుంది."

ఏవిస్ నడక ఆగలేదు. "గుర్రం మనిషి పారేసుకునే ముందు తోమి ఉంటాడేమోలే."

"ఆ చెమ్మలో అన్నేళ్ళు పాలిష్ అలా తెల్లగా నిలుస్తుందా? మొన్న తోమినట్టుంది! ఇదంతా ఆ గ్యారెత్ పనే అనుకుంటున్నా. ఏమీ దొరక్కపోతే అతని తవ్వకం మూతపడుతుంది కదా."

"పాపం, అతను అలాంటివాడు కాదే."

"పట్టుబడిన ప్రతివాణ్ణీ జనం మొదట అనేమాటే అది. ఇది నీ దగ్గరే ఉంచు. ఆధారం ఉందని తెలిస్తే దొంగ జాగ్రత్తపడతాడు."

"నేనెవరికి చెప్తానే" అంది ఏవిస్.

ఆ రోజు నుంచీ బెరిల్‌కి మళ్ళీ ఉద్యోగంలో చేరినంత హుషారొచ్చింది. తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయో ఆరా తీసింది. గ్యారెత్ దగ్గరొకటి, లొరైన్ దగ్గరొకటి, పొద్దున్నే వచ్చి టీ నీళ్ళు పెట్టే ఏవిస్ దగ్గరొకటి. ఏవిస్‌ది ఆమె లెక్కలోకి తీసుకోలేదు. ఇంతలో అదే మూల రెండో బిళ్ళ దొరికింది. ఈసారి నెలవంక, కడిగే వంతు వేరేవాళ్ళకి పడింది. స్థానిక పత్రికవాళ్ళొచ్చి ఫొటో తీసుకున్నారు. కౌన్సిలర్ ఒకాయన గ్యారెత్ చెయ్యి పట్టుకుని ఊపాడు. గ్యారెత్ నవ్వే ప్రతి నవ్వూ బెరిల్‌కి దొంగనవ్వులాగే కనిపించింది. ఎంత వెతికినా అతను ఎక్కడినుంచి తెస్తున్నాడో మాత్రం తేలలేదు.

తేలిందని ఒక ఆదివారం అనుకుంది. పాత సామాన్ల సంతలో తిరుగుతుంటే లొరైన్ దగ్గర పని నేర్చుకునే డెన్జిల్ కనిపించాడు. దుప్పటి పరిచి కొవ్వొత్తి స్టాండ్లు, పింగాణీ కుక్కలు, వాటి మధ్య తోలుపట్టీకి గుచ్చిన ఇత్తడి బిళ్ళలు పెట్టుక్కూచున్నాడు.

డెన్జిల్ కొలిమి కార్ఖానాలో పోతపనివాడు. కార్ఖానా మూతపడ్డాక చాలాకాలం ఖాళీగా ఉండి ఇక్కడికొచ్చాడు. వాళ్ళ నాన్న నల్లజాతివాడు, జమైకా నుంచి ఓడెక్కి వచ్చి అదే కార్ఖానాలో చేసి పోయాడు. లొరైన్ దగ్గర చేరిన వాళ్ళందరిలో చెయ్యి తిరిగినవాడు ఇతనే. సాల గుమ్మం మీద కూలిపోయిన ఇటుకల వంపు తోరణాన్ని, కింద చెక్కల ఆసరా పెట్టి, పాత ఇటుకలే ఏరి, సున్నంతో మళ్ళీ కడుతున్నాడు. సున్నం బాగా గట్టిపడితే చెక్కలు తీసెయ్యాలి. ఆ తోరణం చుట్టూ పిల్లాడి తొట్టె చుట్టూ తిరిగినట్టు తిరిగేవాడు.

మర్నాడు టీ వేళకి అందరూ బల్ల చుట్టూ చేరారు. బేకన్ రొట్టెలు, అల్లం బిస్కట్లు చేతులు మారుతున్నాయి. బెరిల్ ఆగలేకపోయింది.

"నిన్న సంతలో బేరాలెలా ఉన్నాయి డెన్జిల్?"

"ఏదో, గ్యాసు బిల్లుకి సరిపోయింది. మీరొచ్చారా? పలకరించొచ్చుగా."

"ఇత్తడి బిళ్ళలు కూడా పెట్టావు. ఇక్కడ నేలలో దొరికేలాంటివే."

డెన్జిల్ రొట్టె కింద పెట్టాడు. "అంటే?"

"అంటే ఏముంది? అవి ఇక్కడికెలా వస్తున్నాయో, ఎవరు ఎవరికిస్తున్నారో నాకు అర్థమైందంటున్నా." ఆ మాట అంటూ ఆమె గ్యారెత్ వైపు కూడా చూసింది.

"అవి మా పెదనాన్నవమ్మా. ఆయన నడిపిన పబ్బులో గోడకి వేలాడదీసినవి. గుర్రం మొహం చూడని బిళ్ళలు. వెనక చేసిన కంపెనీ ముద్ర కూడా ఉంటుంది, కావాలంటే తెచ్చి చూపిస్తా."

"తెలివైనవాడు చూపించడానికి వేరేవి అట్టేపెట్టుకుంటాడు."

లొరైన్ లేచింది. "బెరిల్, నోటికి తాళం వేసుకుంటావా, నన్ను సున్నం కూరమంటావా?"

డెన్జిల్ చెయ్యి అడ్డం పెట్టి ఆమెను ఆపాడు. అతని గొంతు పెరగలేదు.

"మీకు గుర్తుండదు. చిన్నప్పుడు మా అమ్మ నన్ను మీ దుకాణానికి తీసుకొచ్చేది. కోటు కొందామని. మేం ఏ అంతస్తుకెళితే మీరు ఆ అంతస్తుకొచ్చేవారు. మా అమ్మ డబ్బు ముందే చేతిలో పట్టుకుని తిరిగేది, అందరికీ కనబడేలా. అప్పుడెందుకో నాకు తెలిసేది కాదు." చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇక్కడైనా ఎవరూ నా వెనక నడవరనుకున్నా."

అలా వెళ్ళి గట్టెక్కి, వంతెన దాటి వెళ్ళిపోయాడు. ఏవిస్ తన కప్పులో టీ తాగకుండానే గడ్డిలో పారబోసింది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

"వెళ్ళాడుగా, చూడండి, ఇక బిళ్ళలు దొరకడం ఆగిపోతుంది" అంది బెరిల్. గ్యారెత్, "మీరు నన్ను కూడా అన్నారు హాకెట్ గారూ. నాకు వినపడింది" అని కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

డెన్జిల్ తరవాతి రోజూ రాలేదు. ఆ పైన కూడా రాలేదు. లొరైన్ ఫోను చేస్తే ఎత్తలేదు. తోరణం చెక్కల మీద అలాగే కూచుని ఉంది. చెక్కలు తీస్తే నిలుస్తుందో లేదో కట్టినవాడే తేల్చాలని లొరైన్ ఎవర్నీ దాని జోలికి పోనివ్వలేదు. ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవడం తగ్గిపోయింది. తవ్వేవాళ్ళు తవ్వుతూనే పక్కవాడి చేతులకేసి చూసుకునేవాళ్ళు. ఒకావిడైతే తన సంచీ తనే అందరి ముందూ బోర్లించి చూపించి వెళ్ళేది.

అలాంటప్పుడు మూడో బిళ్ళ దొరికింది. దాంతోబాటు రంగులేసిన చెక్క పూసలు నాలుగైదు. గుర్రం పక్కలు ఒరుసుకుపోకుండా మోకుకి గుచ్చేవి. ఎరుపు, పసుపు ఇంకా వెలవలేదు. ఈసారి చప్పట్లు లేవు. అందరూ బెరిల్ వైపు చూశారు.

ఆమె బిళ్ళని కడగడానికి తీసుకుంది. దాని మీద పక్షి బొమ్మ. రెక్కల సందుల్లో భూతద్దం పెట్టి వెతికింది. తెల్లపొడి అణువంత కూడా లేదు. ఎవరో బట్టల సోడా నీళ్ళలో నానబెట్టి, సూదితో సందు సందూ గీకినట్టు శుభ్రంగా ఉంది. మిగతా బిళ్ళ మీద మట్టి పులిమి ఉంది గాని సందులు మాత్రం అద్దంలా ఉన్నాయి.

బెరిల్ బ్రష్షు అక్కడే వదిలేసింది. పాలిష్ సంగతి ఆమె గ్యారెత్‌తో అనలేదు. డెన్జిల్ మీద విరుచుకుపడ్డ రోజున కూడా బయటపెట్టలేదు. ఈ బిళ్ళని ఇలా కడిగినవాళ్ళకి ఆ సంగతి ముందే తెలిసుండాలి. ఆమె చెప్పింది ఒక్క మనిషికే.

బల్లకి అవతల ఏవిస్ పెంకుముక్కలు ఆరబెడుతోంది, తల వంచుకుని, ఒక్కొక్కటీ పొడిగుడ్డతో అద్దుతూ. బెరిల్ ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఇంతకాలం పక్కింట్లో ఉంది. తన పిల్లల జ్వరాలప్పుడు రాత్రుళ్ళు వచ్చి కూచుంది. ఈమె పుట్టిందెక్కడో, తల్లిదండ్రులెవరో తనెప్పుడూ అడగలేదు. ఊళ్ళో అందరి గుట్టూ తెలుసనుకునే మనిషికి గోడ అవతల ఏముందో తెలియలేదు.

సాయంత్రం బెరిల్ తలుపు తట్టకుండానే ఏవిస్ వంటింట్లోకి వెళ్ళింది. ఏవిస్ బేకన్‌తో నల్ల బఠానీలు ఉడకబెడుతోంది. బట్టల సోడా డబ్బా ఇంకా తొట్టి పక్కనే ఉంది.

"ఎందుకు చేశావే?"

ఏవిస్ వెనక్కి తిరగలేదు. పొయ్యి తగ్గించి, గరిటె పక్కన పెట్టింది. తరవాత అటక తలుపు తీసి రేకుపెట్టె ఒకటి దించింది. లోపల పాత బట్ట మీద ఇంకా కొన్ని బిళ్ళలు, ఊలుతో అల్లిన గుర్రం చెవుల టోపీ ఉన్నాయి.

"నేను పుట్టింది పడవలో బెరిల్. కాళ్ళు చాపుకోవడానికి చాలని గదిలో. మా నాన్న బొగ్గు తోలేవాడు. ఆదివారాలు అమ్మ ఇవన్నీ పడవ పైకప్పు మీద పరిచి తోమేది. గట్టెక్కి ఈ ఊళ్ళోకొస్తే పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. 'మురికి పడవోళ్ళొచ్చారు' అని కేకలు. రొట్టెల కొట్టువాడు మా చేతిలోంచి చిల్లర తీసుకునేవాడు కాదు, బల్ల మీద పెట్టమనేవాడు."

"సిరిల్‌కి తెలుసా?"

"పోయేదాకా చెప్పలేదు. వాళ్ళమ్మ వింటే పెళ్ళి జరిగేదా? మాది బర్మింగ్‌హామ్ అని చెప్పా. ఒకసారి చెప్పాక దాన్నే మోస్తూ ఉండాలి కదా." ఆమె చెవుల టోపీని వేళ్ళతో సర్దింది. "ఇప్పుడేమో ఆ గ్యారెత్ పడవవాళ్ళంటే ఎంత మర్యాదగా మాట్లాడతాడు! మా అమ్మ చేతిలో వస్తువుని అలా ఎత్తి పట్టుకుంటే చూడాలనిపించింది. ఒక్కటే పెడదామనుకున్నా. మీరందరూ చప్పట్లు కొట్టేసరికి..."

"తీసుకెళ్ళి ఇచ్చేస్తే సరిపోయేదిగా?"

"ఇస్తే ఎవరివని అడగరూ?"

బెరిల్ కుర్చీ లాక్కుని కూచుంది. "మరి డెన్జిల్?"

ఏవిస్ మొహం మొదటిసారి ముడుచుకుపోయింది. "నువ్వు అతన్ని అంటుంటే నోరు తెరుద్దామనుకున్నా. తెరవలేదు. నా మీదికి రాలేదు కదా అని ఊపిరి పీల్చుకున్నా. నిజం అదే. ఇవాళ మళ్ళీ ఎందుకు పెట్టానంటే, అతను లేనప్పుడు దొరికితే అతని తప్పు లేదని తేలిపోతుందనుకున్నా."

"నువ్వు నోటితో చెప్పడానికి భయపడి, మట్టితో చెప్పించాలనుకున్నావా?"

"అవునే."

బెరిల్‌కి కోపం వచ్చింది. కానీ దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. ఏవిస్ దాచింది. తను వెతికింది. వెతికి వెతికి, ఏ పాపం తెలియనివాణ్ణి పట్టుకుంది.

"రేపు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తా. నువ్వు పక్కన నిలబడు."

మర్నాడు ఏవిస్ రేకుపెట్టె బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా చెప్పింది. ఎక్కడా ఆగలేదు. వింటున్నవాళ్ళలో కొందరు కళ్ళు తుడుచుకున్నారు. గ్యారెత్ తుడుచుకోలేదు.

"ఏవిస్ గారూ, మీరు చేసిన పని వల్ల ఈ సాలలో మేం తీసిన ప్రతి మేకునీ ఇప్పుడు జనం అనుమానిస్తారు. తెలుసా మీకు?" అన్నాడు. ఆమె తల ఊపింది. అతను గుంట వైపు చూసి, గొంతు తగ్గించాడు. "మొదటి బిళ్ళ చుట్టూ మట్టి వదులుగా ఉంది. నేను చూశా. ఎలకబొరియ అయ్యుంటుందిలే అని సర్దిచెప్పుకున్నా. నాకది కావాలి కనక." అక్కడికక్కడే పత్రికకి ఫోను చేసి జరిగింది చెప్పేశాడు. కౌన్సిల్‌కి కూడా రాశాడు.

బెరిల్, ఏవిస్ ఇద్దరూ డెన్జిల్ ఇంటికెళ్ళారు. అతను గుమ్మంలోనే నిలబడి విన్నాడు. ఏవిస్ ఏడ్చింది. అతను, "మీది భయం, నాకర్థమవుతుంది ఏవిస్ గారూ. కానీ మీరు చూస్తూ ఊరుకున్నారు. అది కూడా గుర్తుంటుంది" అన్నాడు.

బెరిల్, "నేను తప్పు చేశాను. నీ విషయంలోనే కాదు, మీ అమ్మ విషయంలో కూడా" అంది.

"వినపడింది" అన్నాడు డెన్జిల్. తలుపు వేసుకున్నాడు.

లొరైన్ ఏం చెప్పిందో ఏమో, ఒక వారం పోయాక అతను తిరిగొచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా తోరణం కింద చెక్కల మేకులు ఒక్కొక్కటే వదులు చేసి, చెక్కలు దించాడు. చిటికెడు సున్నప్పొడి రాలింది. ఇటుకలు కదల్లేదు. లొరైన్ అతని వీపు మీద ఎంత గట్టిగా చరిచిందంటే అతను దగ్గాడు.

కౌన్సిల్ వాళ్ళు వచ్చిన రోజు వాన. గ్యారెత్ బిళ్ళల ఊసెత్తలేదు. గుర్రాల కాళ్ళకి అరిగి పల్లమైన ఇటుకనేల, మురికినీళ్ళు పోయే కాలవ, దాణా తొట్ల గుర్తులు, డెన్జిల్ తోరణం చూపించాడు. వాళ్ళు ముఖాలు చూసుకుని, గొడుగులు మూసుకుని, లోపలే చాలాసేపు ఉన్నారు. చలికాలం మొదట్లో సాలని కూల్చబోమని కబురొచ్చింది. పై ఏడు పని నేర్పే జట్టుకి లొరైన్ కింద డెన్జిల్ని జీతం మీద తీసుకున్నారు.

ఏవిస్ భయపడ్డదంతా జరగలేదు, కొంత జరిగింది. చర్చిలో ఒకావిడ, "ఆ సంగతి నేనెప్పుడో పసిగట్టా, ఆమె టీ తాగే తీరులోనే తెలిసిపోయేది" అని ఊరంతా చెప్పుకుంది. అదే చర్చిలో ఇంకో ముసలాయన ఏవిస్ దగ్గరికొచ్చి, తన తల్లి కూడా పడవమీద పుట్టిందని చెవిలో చెప్పి, చుట్టూ చూసుకుని వెళ్ళిపోయాడు. బిళ్ళలు ఇప్పుడు సాలలో అద్దాల పెట్టెలో ఉన్నాయి. మట్టిలో దొరికినవి కావని, ఏవిస్ తండ్రి సైలస్ టాండీ గుర్రానివని పక్కనే రాసి ఉంది.

ఏవిస్, బెరిల్ ఇప్పటికీ కలిసే వస్తారు. దారిలో ఏవిస్ పడవ కబుర్లు చెప్తుంది, బెరిల్ వింటుంది. మధ్యలో అడ్డు ప్రశ్నలు వెయ్యకుండా వినడం ఆమెకి ఇంకా కష్టంగానే ఉంది. డెన్జిల్ తన ఫ్లాస్కు తనే తెచ్చుకుంటాడు. టీ వేళకి తాపీవాళ్ళతో తోరణం కింద కూచుంటాడు. బెరిల్ కనిపిస్తే "గుడ్ మార్నింగ్" అంటాడు. ఆమె బల్ల దగ్గరికి రాడు. ఆమె రమ్మని పిలవదు, ఆ దూరం తను తెచ్చిపెట్టుకున్నదేనని తెలుసు కనక.